నెరియో కారు బేరం

లోరిస్ కవజ్జుతి ఇటలీలోని సస్సువోలోలో ఒక టైల్స్ ఫ్యాక్టరీలో రంగులు కలిపే విభాగానికి పెద్దగా ఉండేవాడు. ఫ్యాక్టరీ చేతులు మారినప్పుడు కొత్త యాజమాన్యం పెద్ద మొత్తమే ముట్టజెప్పి, గడువుకు ముందే అతన్ని ఇంటికి పంపింది. వీడ్కోలు విందులో ఎవరో, "ఇక పొద్దెలా పుచ్చుతావయ్యా లోరిస్?" అని అడిగారు. ఏం చెప్పాలో తోచక, "ఫెరారీ కొంటాను" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా విరగబడి నవ్వారు. తనూ నవ్వాడు. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట అతన్ని వదల్లేదు.

అందులో వింతేమీ లేదు. మా వైపు పుట్టినవాళ్లకి ఆ కార్ల మోత ఉగ్గుపాలతోనే అలవాటవుతుంది. మరనెల్లో అనే ఊళ్లో ఫెరారీ ఫ్యాక్టరీలో తయారైన కార్లు పరీక్ష కోసం మా వీధుల మీదుగానే కొండల్లోకి వెళ్లేవి. వినేది ఊరంతా, ఎక్కేది ఎవరో. లోరిస్ ఏనాడూ ఎక్కలేదు.

అతని భార్య మిర్కా త్రియెస్తె వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. గొడవేమీ పడలేదు. "నీ పక్కన ఉన్నా ఒంటరిగానే ఉంటున్నాను. అదేదో నిజంగానే ఒంటరిగా ఉంటే పోలా?" అంది, పెట్టె సర్దుకుంది. పిల్లలు లేరు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఆ వెలితి అతనికి కంటబడలేదు. ఇప్పుడు రొట్టెల కొట్టు ఆవిడతో తప్ప పలకరించే దిక్కు లేదు. ఆ పలకరింపు కూడా చిల్లర చేతిలో పడేంతసేపే.

నవంబరులో పత్రికలో ఒక ప్రకటన కనబడింది. ముదురు నీలం ఫెరారీ, పాతది, రెండు సీట్లది, మొదటి నుంచీ ఒకే మనిషి చేతిలో ఉన్నది. ధర వేశారు గాని, ఫోన్లో బేరాలు కుదరవు, వచ్చి చూసుకోవాలి. ఊరు కాస్తెల్వెత్రో. లోరిస్ ఆ శనివారమే బయల్దేరాడు. దారంతా పొగమంచు. ద్రాక్షతోటల్లో ఆకులు రాలిపోయి కర్రలు మాత్రం నిలబడి ఉన్నాయి.

తలుపు తీసినాయన పొట్టిగా, చురుగ్గా ఉన్నాడు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. జుట్టుకు నల్లరంగు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, మెడలో పట్టు రుమాలు.

"కారు కోసమేనా? అయితే ముందు కూర్చోండి. కారెక్కడికీ పోదు. నేను లేకుండా దానికి గుమ్మం దాటడం చేతకాదు."

ఆయన పేరు నెరియో మొంతోర్సి. ఒకప్పుడు నాట్యశాలల్లో వాయించే బృందం ఒకటి నడిపేవాడు. మెడలో అకార్డియన్ వేసుకుని ముందు నిలబడేవాడు. పో నది నుంచి సముద్రం దాకా ఆయన వాయించని నాట్యశాల లేదంటారు. చేతినిండా డబ్బు ఆడే రోజుల్లో ఈ కారు కొన్నాడు.

"బృందమంతా వ్యానులో, నేను దీంట్లో. నాయకుడన్నాక ఆ మాత్రం తేడా ఉండాలిగా!" అంటూ గ్లాసుల్లో ఎర్ర లాంబ్రుస్కో వైను పోశాడు. "పాట పాడే అమ్మాయిలు నా పక్క సీట్లో కూర్చునేవాళ్లు. ఒక్కొక్కతే వెళ్లి ఇంకొకణ్ణి పెళ్లాడింది. ఆ సీటు మహిమ అలాంటిది. మీకు పెళ్లి కావాలంటే ఒకసారి కూర్చోండి."

"నాకు అయిపోయింది."

"అయిపోయిందా, ఉందా?"

లోరిస్ గ్లాసు అటూ ఇటూ తిప్పి, "అయిపోయింది" అన్నాడు. నెరియో ఇంకేమీ అడగకుండా వేడి రొట్టెల పళ్లెం ఇటు జరిపాడు.

కారు పెరట్లో, గడ్డి దాచే పాత కొట్టంలో ఉంది. పైన కప్పింది నాట్యశాల వేదిక మీది వెల్వెట్ తెర. నెరియో ఆ తెరను రెండు చేతులా పట్టి లాగిన తీరు చూస్తే, ముందు జనం కూర్చుని ఉన్నారేమో అనిపించింది. లోరిస్ వంగి, దాదాపు నేల మీద కూర్చున్నట్టుగా లోపలికి దిగాడు. వాడిన తోలు వాసన. నెరియో స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పగానే ఇంజను వీపు వెనక మేలుకుంది.

"తొందరపెట్టకూడదు. రెండో గేరు ఇప్పుడప్పుడే పడదు. పొద్దున్నే లేచిన ముసలాడి మోకాలులాంటిది, నూనె వేడెక్కాలి" అన్నాడు నెరియో. కొండదారి పట్టాక ఇక మాట్లాడలేదు. మలుపు మీద మలుపు. ఆ మోత చెవుల్లోంచి కాదు, పక్కటెముకల్లోంచి వినబడుతోంది. ఒక మలుపులో లోరిస్ పైకి నవ్వేశాడు. ఆ నవ్వు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

తిరిగొచ్చాక లోరిస్, "మరి ధరలో ఏమైనా తగ్గింపు..." అని ఎత్తుకున్నాడు.

"బేరమా! మొదటిరోజే బేరమాడడమంటే, మొదటి డాన్సులోనే ముద్దు అడిగినట్టు. వచ్చే శనివారం రా. ఇంకోమాట, నన్ను 'మీరు' అనకు. నాకు చలేస్తుంది."

ఆ వచ్చే శనివారం బండి కాగితం ఏదో దొరకలేదన్నాడు. ఆపై శనివారం టైరు మార్చాలన్నాడు. క్రిస్మస్ ముందు వంటింట్లో మాంసం కూరిన చిన్న పిండి చుట్టలు, టోర్టెల్లీనీలు, చుడుతూ, "చేతులనిండా పిండి. ఇలాంటప్పుడు వ్యాపారమేమిటయ్యా? నువ్వూ ఓ చెయ్యి వెయ్యి" అన్నాడు. లోరిస్ చెయ్యి వేశాడు. అతను చుట్టినవి చూసి నెరియో పగలబడి నవ్వాడు. "ఇవి టోర్టెల్లీనీలా, తడిసిన టోపీలా?" అవే ఉడకబెట్టుకుని ఇద్దరూ తిన్నారు.

గురువారం వచ్చేసరికే లోరిస్ శనివారానికి ఏం పట్టుకెళ్లాలా అని ఆలోచించేవాడు. ఒకసారి బాదం బిస్కెట్లు, ఒకసారి మంచి జున్ను. ఒకసారి తనే కేకు చేసి మాడ్చి, మాడింది చెక్కేసి మరీ తీసుకెళ్లాడు. కొన్ని వారాలు కారు తీసేవాళ్లు. కొన్ని వారాలు పొగమంచు వంక పెట్టి తెర ఎత్తకుండానే వదిలేసేవాళ్లు. ఆ సంగతి లోరిస్ పట్టించుకోలేదు కూడా.

ఎక్కువగా మాట్లాడేది నెరియోనే. ఏ ఊళ్లో ఏ పాటకి జనం కుర్చీలెక్కారో, ఏ గాయనికి జలుబు చేస్తే తను ఆడగొంతుతో పాడాడో చెప్పేవాడు. అయితే ఒక జనవరి సాయంత్రం లోరిస్ నోట కూడా ఒక మాట బయటికొచ్చింది.

"మిర్కా వెళ్లాక నేను రేడియో పక్కగదిలో పెట్టి తలుపు దగ్గరగా వేస్తాను. వంటింట్లోంచి వింటే మాటలు తెలియవు, మనుషులున్నట్టు ఉంటుంది."

నెరియో నవ్వలేదు. "నేను బల్ల మీద రెండు ప్లేట్లు పెడతాను. రెండోది కడగక్కర్లేదు, అదొక్కటే లాభం" అన్నాడు.

ఆ మాటతో ఇద్దరికీ చెప్పలేనంత తేలికయింది. నెరియో లేచి పొయ్యిలో ఇంకో రెండు కట్టెలు పెట్టాడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం లోరిస్ కాస్త ముందుగా వచ్చాడు. నెరియో భోజనం ముగించి ఉండడని, ఊరి మొదట్లో ఉన్న కాఫీ కొట్టుకి వెళ్లాడు. కొట్టు నడిపే ఆవిడ, దెయన్నా, అతని చేతిలో బిస్కెట్ల పొట్లం చూసింది.

"నెరియో దగ్గరికా? అయితే ఈ ఏడు మీరన్నమాట!"

అక్కడ పేకాడుతున్న ముసలివాళ్లు కిసుక్కున నవ్వారు.

"నేనన్నమాట అంటే?" అన్నాడు లోరిస్.

"అయ్యో, మీకెవరూ చెప్పలేదా? పోయినేడు పార్మా నుంచి ఒక డాక్టరుగారు. అంతకుముందు స్విట్జర్లాండు ఆయన, పాపం, రైలెక్కి వచ్చేవాడు. ఏటా చలికాలం మొదలవగానే పత్రికలో ప్రకటన వేస్తాడండీ. ఎవరో ఒకరు వస్తారు. వేసవి దాకా తిండీ కబుర్లూ సాగుతాయి. ఆ కారు అమ్ముడుపోయేది కాదు."

పేక పంచుతున్న ముసలాయన తలెత్తకుండానే అందుకున్నాడు. "కారు ఎరరా నాయనా. చేపకి ఎర అమ్ముతారా ఎవరైనా?"

ఈసారి కొట్టంతా నవ్వింది. దెయన్నా మంచిది, "ఊరుకోండి, పాపం" అని కసిరింది. ఆ 'పాపం' లోరిస్‌కి నవ్వుకన్నా ఎక్కువ తగిలింది.

అతను నెరియో ఇంటికి వెళ్లలేదు, వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాడు. అతన్ని బాధించింది మోసం కాదు. తన చేత ఎవరూ పైసా ఖర్చు పెట్టించలేదు. రేడియో సంగతి లోకంలో ఒక్కడికే చెప్పాననుకున్నాడు. విన్నవాడికి మాత్రం తను వరుసలో ఎన్నోవాడో. రెండు ప్లేట్ల ముచ్చట ఆ డాక్టరుకీ చెప్పే ఉంటాడు. ఆ మరుసటి శనివారం కూడా వెళ్లలేదు. రోజంతా ఫోను దగ్గరే తచ్చాడాడు. నెరియో చెయ్యలేదు. 'రాలేదేం?' అని ఒక్కమాట అడగడానికి కూడా నేను పనికిరానా అన్న ఉక్రోషం, అంతకుముందున్న బాధను మింగేసింది.

ఆపై శనివారం వెళ్లాడు, ఉత్త చేతులతో.

నెరియో తలుపు తీసి, "వచ్చావా! రా, రా, పులుసు చల్లారుతోంది" అన్నాడు. బల్ల మీద రెండు ప్లేట్లున్నాయి.

"నేను కూర్చోను. ఇవాళ తేల్చెయ్యి. కారు అమ్ముతావా, అమ్మవా?"

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఊరంతా అంటోంది. నవ్వుతోంది."

"నన్ను చూసా, నిన్ను చూసా?"

"ఇద్దర్నీ చూసి! అమ్మితే ఇవాళ అమ్ము. అమ్మకపోతే ఇక ఈ గడప తొక్కను."

నెరియో గరిటె గిన్నెలో పెట్టి, మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ మాట అనేసిన క్షణమే లోరిస్‌కి తెలిసిపోయింది, తనకి కారు అక్కర్లేదని. ఎప్పటినుంచో అక్కర్లేదని. నెరియో 'అమ్మను పొమ్మను' అంటే, కాసేపు అరుచుకుని, చల్లారిన పులుసు తాగేసేవాళ్లే.

కానీ నెరియో రెండో ప్లేటు పక్కకి జరిపి, "సరే, తీసుకో. ప్రకటనలో వేసిన ధరే" అన్నాడు.

'వద్దు' అనడానికి లోరిస్‌కి నోరు రాలేదు. "సరే" అన్నాడు.

సోమవారం విన్యోలాలో బండి కాగితాలు మార్చే ఆఫీసులో కలుసుకున్నారు. నెరియో మంచి కోటు వేసుకొచ్చాడు. అభిమానుల పుస్తకంలో చేసినట్టు వంకులు తిప్పి సంతకం పెట్టాడు. బయటికొచ్చాక తాళంచెవులు లోరిస్ చేతిలో పెట్టి, "నూనె వేడెక్కేదాకా..." అని, "తెలుసుగా" అని ఆపేశాడు.

"ఇంటి దగ్గర దింపుతాను, ఎక్కు."

"బస్సుందిలే."

లోరిస్ బయల్దేరాడు. అద్దంలో నెరియో బస్సు స్టాపు దగ్గర నిలబడి కనిపించాడు. కారుకేసి చూడడం లేదు. బస్సు రావాల్సిన వైపు చూస్తున్నాడు.

ఇక ఊళ్లో లోరిస్ పరపతి మారిపోయింది. మెట్ల మీద ఎదురైతే గోడకేసి చూసే పొరుగువాళ్లు ఆగి పలకరించసాగారు. ఎంత వేగం పోతుంది, పెట్రోలు ఎంత తాగుతుంది, మీటరు మీద ఎంత తిరిగింది అని అడిగేవాళ్లు. కూడలిలో ఆపితే జనం ఫొటోకని ఫోన్లు తీసి, "కాస్త పక్కకి జరుగుతారా?" అనేవాళ్లు. లోరిస్ జరిగేవాడు. ఒక్కరూ, పక్కింటి ముసలమ్మ కూడా, "నన్నొకసారి తిప్పుకురా నాయనా" అనలేదు. రమ్మని పిలవడం అతనికీ చేతకాలేదు.

మార్చిలో ధైర్యం తెచ్చుకుని, ఒక శనివారం ఆ కారులోనే కాస్తెల్వెత్రో వెళ్లాడు. మోత వినే అనుకుంటా, నెరియో ముందే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మీరా! బండి బాగా నడుస్తోందా?"

మీరు. లోరిస్ విననట్టే నటించాడు. "బాగానే నడుస్తోంది. రా, కొండదారిలో ఒక చుట్టు చుట్టొద్దాం. నువ్వే నడుపు" అన్నాడు.

"ఇంకొకరి బండి నేను ముట్టుకోనండీ. ఏమన్నా అయితే బాగుండదు."

వంటింట్లోకి తీసుకెళ్లి, నిలబెట్టే కాఫీ ఇచ్చాడు. ఎండ బాగా కాస్తోందన్నాడు. లోరిస్ అవునన్నాడు. కప్పు కింద పెట్టి వచ్చేశాడు.

మే నెలలో ఒకసారి ఉండబట్టలేక అటు వెళితే, ఇంటి కిటికీలు మూసి ఉన్నాయి. దెయన్నాని అడిగాడు.

"మీకు తెలియదా? నెరియోని వాళ్ల చెల్లెలి కూతురు తనుండే చెర్వియాకి తీసుకెళ్లిపోయింది, సముద్రం దగ్గరికి. ఇల్లు అద్దెకిస్తున్నారు. 'కారు పోయాక నాకిక్కడేముంది దెయన్నా' అన్నాడు, వెళ్లేముందు."

ఆ మాట లోరిస్‌ని కుదురుగా తిండి తిననివ్వలేదు. ముసలాణ్ణి ఉన్నచోటి నుంచి పెకలించేశానని కుమిలిపోయాడు. ఎక్కడో ఒక ఇరుకు గదిలో, గోడకేసి చూస్తూ కూర్చున్న నెరియో కళ్ల ముందు మెదిలేవాడు. వారమంతా గింజుకుని, దెయన్నా దగ్గర చిరునామా తీసుకుని, ఆదివారం చెర్వియా బయల్దేరాడు. కావాలంటే కారు తిరిగి ఇచ్చేద్దామనుకున్నాడు. దారిపొడవునా ఆ మాట ఎలా మొదలెట్టాలో సాధన చేశాడు.

చెల్లెలి కూతురి ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటావిడ, "అందరూ సముద్రం ఒడ్డున డాన్సుకి పోయారు. పాట వినబడే వైపు వెళ్లండి" అంది. పైన్ చెట్ల కింద పెద్ద పందిరి, పందిరి కింద చెక్క నేల. ముసలి జంటలు గిర్రున తిరుగుతున్నాయి. వేదిక మీద అకార్డియన్ మెడలో వేసుకుని, చెమటలు కక్కుతూ, ఎవరికో కన్నుగీటుతూ నెరియో ఉన్నాడు.

పాట అవగానే లోరిస్‌ని చూశాడు. "ఒరేయ్, లోరిస్!" అని కేకేసి, వేదిక దిగొచ్చి గట్టిగా కావలించుకున్నాడు. చుట్టూ చేరిన ఆడవాళ్లకి, "ఈయనే, నా కారు కొన్నాయన!" అని పరిచయం చేశాడు. వాళ్లంతా అభినందించారు. ఒకావిడ నెరియో నుదురు తన రుమాలుతో తుడిచింది.

ఇద్దరూ పక్కకి వెళ్లి బల్ల మీద కూర్చున్నారు. లోరిస్ సాధన చేసిన మాట రాలేదు, ఇంకొకటి వచ్చింది.

"నెరియో, నేను కారు కోసం రాలేదు. మొదటిరోజు తప్ప ఎప్పుడూ కారు కోసం రాలేదు."

"తెలుసురా. కొట్టంలో కారు చూపిస్తుంటే నీ కళ్లు వంటింటి వైపు ఉండేవి. నేను మాత్రం అమ్మడానికి పిలిచానా? ఇద్దరం అబద్ధాలకోరులమే."

"మరి ఎందుకు అమ్మావు?"

నెరియో అకార్డియన్ పట్టీ వదులు చేసుకున్నాడు. "డాక్టరుకి విషయం తెలిశాక నవ్వి ఊరుకున్నాడు. స్విట్జర్లాండు ఆయన చెప్పకుండా మానేశాడు. నీకొక్కడికే కోపమొచ్చింది. లెక్కచెయ్యనివాడికి కోపమెందుకొస్తుంది? అది చూసి నాకు సిగ్గేసింది. ఇక ఎవర్నీ అలా పిలవకూడదనుకున్నా. కారు ఉంటే పిలవకుండా ఉండలేను."

"ఆ తర్వాత వచ్చినప్పుడు నన్ను నిలబెట్టి పంపేశావు."

"కూర్చోబెడితే ఏడ్చేవాణ్ణి." నెరియో చొక్కా చేత్తో మెడ తుడుచుకున్నాడు. "నా మేనకోడలు ఎన్నేళ్లనుంచో రమ్మంటోంది. ఇక్కడ కారు పెట్టడానికి చోటు లేదని నేనే వంక పెట్టేవాణ్ణి. అది నా తలుపుకి గొళ్లెం రా. నువ్వొచ్చి ఊడబీకావు. నీకు పుణ్యముంటుంది."

అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూసి లోరిస్ సంతోషించాలనుకున్నాడు, కొంత సంతోషించాడు కూడా. ఇన్నాళ్లూ తను మోసిన నేరం, చెయ్యనిదని తేలింది. దాంతోపాటే తెలిసిందింకొకటి. నెరియోకి ఇప్పుడు రెండో ప్లేటు పెట్టాల్సిన పని లేదు.

వేదిక మీంచి పిలుపు వచ్చింది. "వస్తున్నా!" అని నెరియో లేచాడు. "ఉండు, రాత్రికి మా ఇంట్లో తిని వెళ్లు. పన్నెండు మంది దాకా అవుతాం, నువ్వొకడివి ఎక్కువ కాదు."

"దారి దూరం. ఇంకోసారి వస్తా."

"తప్పకుండా రావాలి మరి!" అంటూ వెళ్లిపోయాడు. కారు ఎక్కడ పెట్టావని అడగలేదు.

లోరిస్ ఒక పాట పూర్తిగా విన్నాడు. తర్వాత పైన్ చెట్ల కింద నడుచుకుంటూ వచ్చి, కారు తీశాడు. పెద్దరోడ్డు ఎక్కబుద్ధి కాక, పళ్లతోటల మధ్య నుంచి వెళ్లే పాత దారి పట్టాడు. ఫాయెంజా దగ్గరపడుతుండగా ఆకలేసింది. దారి పక్కన లారీ డ్రైవర్లు తినే హోటలు ఒకటి కనిపించింది. ముందు ఖాళీ స్థలం ఉంది. అయినా కారుని తిప్పి హోటలు వెనక, పాలలారీ చాటున ఎవరికీ కనబడకుండా ఆపాడు. ఎందుకలా చేశాడో కాళ్లు కింద పెట్టాక గాని అతనికి తెలియలేదు: కారు చూసినవాళ్లు ఇక తనని చూడరు.

లోపల విడి బల్లలు నిండిపోయాయి. వడ్డించే అమ్మాయి పొడుగుబల్ల చివర చోటు చూపించింది. పక్కనున్న డ్రైవర్లు వడగళ్ల వాన గురించి మాట్లాడుకుంటున్నారు. పీచ్ పంట సగం నేలపాలయిందని ఒకతను అంటే, లోరిస్ కొండల వైపు కూడా పడ్డాయన్నాడు. "మీదే ఊరు?" అన్నాడతను. చెప్పాడు. ఇంటి గచ్చు మార్చాలనుకుంటున్నానని ఇంకొకతను అనేసరికి, లోరిస్‌కి మాటలు తన్నుకొచ్చాయి. తెల్ల టైలు వద్దని, మట్టిరంగు కలిసిన తెలుపైతే మరకలు కనబడవని, ఎండ పడే గదిలో మెరుపు లేనిది వెయ్యమని చెప్పాడు. అతను శ్రద్ధగా విన్నాడు. ఎదురుగా కూర్చున్నాయన సీసా వంచి లోరిస్ గ్లాసు నింపాడు.

"మీరు దేనిమీద వచ్చారు? బయట మీ లారీ ఏదీ కనబడలేదే" అన్నాడు.

"లారీ కాదు. ఏదో పాత బండి."

"పాతవే నయం" అన్నాడతను. అందరూ ఒప్పుకున్నారు.

కాఫీలయ్యాయి. ఒక్కొక్కరే లేచి, బల్ల మీద అరచేత్తో తట్టి, "ఉంటామండీ" అని వెళ్లారు. లోరిస్ కదల్లేదు. అమ్మాయి బల్ల తుడుస్తూ ఇంకేమైనా కావాలా అని అడిగితే, ఇంకో కాఫీ చెప్పాడు. ఆఖరి లారీ రోడ్డెక్కి, దాని చప్పుడు తోటల్లో కలిసిపోయేదాకా ఆగి, అప్పుడు లేచి హోటలు వెనక్కి వెళ్లాడు.